గిద్దెడు పాత నూనె

"తొక్కరా కోటేశూ, తొక్కు!"

"తొక్కుతూనే ఉన్నానక్కా! బండి నా మాట వినట్లేదు!"

కోటేశు కుడికాలు ఎక్సలరేటరు మీద నేలకంటా నొక్కి ఉంది. అయినా లారీ వేగం తగ్గిపోతోంది. వెనక ఇరవై టన్నుల గ్రానైట్ దిమ్మెలు. ఆ వెనక, అద్దంలో అంతకంతకూ పెద్దదవుతున్న ఎర్రబస్సు. ముందు చింతలవాగు కల్వర్టు.

పక్కసీట్లో కూర్చున్న హైమవతి ఒళ్లో ట్యాబ్ ఉంది. తెర మీద ఆకుపచ్చ గీత ఒక్కసారిగా కిందికి జారింది. ఆ గీత ఇంజన్లో తిరుగుతున్న నూనెది. ఐదేళ్లుగా తన ల్యాబులో తనే పెంచిన నూనె. దానిలో కంటికి కనిపించని ఇనుప రజను ఉంటుంది. డ్రైవరు గేరెలా మారుస్తాడు, మలుపులో ఎంత తగ్గిస్తాడు, ఏ రోడ్డు ఎక్కడ కుదుపుతుంది, ఇవన్నీ ఆ రజను వరసలు కట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఫిల్టర్లో ఉన్న సెన్సరు ఆ వరసల్ని చదివి ఇంజనుకి చెబుతుంది. మనిషి పెడలు తొక్కకముందే ఇంజను సిద్ధంగా ఉంటుంది. డీజిలు ఆదా. అందుకే దానికి 'ఎరుక' అని పేరు పెట్టారు.

ఈ క్షణంలో ఆ ఎరుకకి ఏం ఎరుకైందో హైమకి తెలియటం లేదు.

లారీ కల్వర్టు దాటింది, సరిగ్గా దాటీదాటగానే నిలబడిపోయింది.

వెనక బస్సు హారను, టైర్ల కీచు, తర్వాత రేకు చిరిగిన చప్పుడు. అద్దంలో బస్సు ఎడమవైపు పొలంలోకి ఒరిగిపోయింది. జనం అరుపులు. కోటేశు తలుపు తోసుకుని దూకేశాడు.

హైమ దిగబోతూ ఆగింది. క్యాబిన్లో తను తప్ప ఎవరూ లేరు. పెడలు మీద ఎవరి కాలూ లేదు. అయినా ఇంజను దానంతటది గుర్రుమంది. ఆగి, మళ్లీ గుర్రుమంది. ఇంకొకసారి. మూడుసార్లూ మెత్తగా, ఎవరినో పిలిచినట్టు.

తర్వాత మామూలుగా తిరుగుతూ ఉండిపోయింది.

*

ప్రాణం పోలేదు. కండక్టరు చెయ్యి విరిగింది. కొందరికి కుట్లు పడ్డాయి. ఒక ముసలావిడ ఇంకా గుంటూరు ఆస్పత్రిలో ఉంది.

చిలకలూరిపేట స్టేషన్లో కానిస్టేబులు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. బల్ల ముందు కోటేశు, అతని వెనక తల్లి నాంచారమ్మ, హైమ.

"పేరు?"

"తన్నీరు కోటేశ్వరరావండి."

"తండ్రి పేరు నువ్వు చెప్పమ్మా, మీ ఆయన పేరేగా," అన్నాడు కానిస్టేబులు ఆవులిస్తూ, కోటేశు నోరు తెరిచేలోగా.

నాంచారమ్మ కొంగు సర్దుకుని కూతురి వీపు మీద పొడిచింది. "చెప్పవే."

"పేరయ్య," అంది హైమ.

ఆ ఇంట్లో అది పాత కథ. నాంచారమ్మ మొగుడి పేరు నోటితో అనదు. రేషను ఆఫీసులో గుమాస్తా అడిగితే "ఊరంతటికీ తెలుసు, తెలియనిది మీ ఒక్కరికేనా?" అని అతన్నే తగులుకుంది. ఆస్పత్రిలో పిల్లల్ని ముందుకి తోసేది. తండ్రి బతికున్నప్పుడు, "ఒక్కసారి పిలవ్వే నాంచారీ, నా పేరు నీ గొంతులో ఎలా ఉంటుందో విని పోతాను," అనేవాడు. "పొండి, ఆయుష్షు తగ్గుద్ది," అనేది ఆమె. ఆమె పిలవలేదు, అయినా ఆయన ఆయుష్షు తగ్గింది. రెండేళ్ల కిందట, లోడు దించి ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి పడుకున్నవాడు లేవలేదు.

బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసి వెళ్లాడు. బ్రేకులు బాగున్నాయి, స్టీరింగు బాగుంది, ఇంజను బాగుంది అని రాశాడు. అన్నీ బాగుంటే చెడ్డది డ్రైవరే. బస్సు డ్రైవరు కూడా అదే చెప్పాడు. ముందు లారీవాడు సిగ్నలు లేకుండా నడిరోడ్డు మీద ఆపేశాడని.

మర్నాడు ల్యాబులో డైరెక్టరు భుజంగరావు హైమని కూర్చోమని కూడా అనలేదు.

"నూనె తప్పు కాదు హైమా. నీకు నేను చెప్పాలా? మీ బండిలో పోసింది కొత్త నూనె. సీలు డబ్బా. పోసి వారం తిరగలేదు. ఏదైనా నేర్చుకోవాలంటే దానికి నెలలు కావాలి. ఏమీ తెలియని పసినూనె తనంతట తను బండినెలా ఆపుతుంది?"

"కోటేశు ఆపలేదండి. నేను పక్కనే ఉన్నాను. వాడి కాలు ఎక్సలరేటరు మీదే ఉంది."

"నువ్వు వాడి అక్కవి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మొహంలో నిద్రలేమి కనిపిస్తోంది. "చూడు, శుక్రవారం విచారణ. రవాణా శాఖవాళ్లు వస్తున్నారు. ఇంజన్లో నూనె మొత్తం తీసి, సీలు వేసి పట్టుకురా. యంత్రంలో పెట్టి చదువుతాం. అది ఖాళీగా ఉంటే తప్పు మీ తమ్ముడిది. లైసెన్సు పోతుంది, కేసు పడుతుంది. నేనేమీ చేయలేను."

"ఖాళీగా లేకపోతే?"

"అప్పుడు దానిలో ఉన్నది ఏ డ్రైవరు చెయ్యో తేలాలి. చదివేముందే పేరు చెప్పాలి. నీకు తెలుసుగా, ఒక్కసారే చదవగలం."

హైమకి తెలుసు. చదివే యంత్రం నూనెలోకి బలమైన కరెంటు పంపుతుంది. ఇనుప రజను తన వరసల్ని ఒక్కసారి చూపించి, చెల్లాచెదురైపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఉత్త నూనె. చదివితే చెరిగిపోతుంది. అందుకే ముందు పేరు, తర్వాత చదువు. ఫలితం వచ్చాక ఎవరి పేరో తగిలిస్తే ఎవరూ ఒప్పుకోరు.

*

లారీ వాళ్ల దొడ్లో వేపచెట్టు పక్కన నిలబడి ఉంది. పోలీసులు కదిలించొద్దన్నారు, ఇంజను తిప్పుకోవచ్చు.

నూనె మార్చడానికి వాళ్లెప్పుడూ షెడ్డుకి వెళ్లలేదు. "మన ఇంటి గొడ్డుకి మనమే నీళ్లు పెట్టుకోవాలి," అనేవాడు పేరయ్య. ఆదివారం పొద్దున టిఫిన్లవగానే మొదలయ్యేది. హైమకి బొగ్గుపులుసు వాయువు పేరు రాకముందే డ్రెయిన్ నట్టు ఎటు తిప్పితే వదులవుతుందో వచ్చు.

"పది నిమిషాలు తిరగనీరా," అంది ఇప్పుడు తమ్ముడితో. "వేడెక్కితేనే అడుగున పేరుకున్నదంతా దిగుద్ది."

"నాకు నేర్పబాక. నువ్వు ల్యాబులో స్పూన్లతో కలుపుతావు. నేను ఇంజను కింద పుట్టా."

"పుట్టావులే. పాలు తాగమంటే గ్రీజు నాకావు. అమ్మ పసుపు నీళ్లు పట్టించి కక్కించింది."

మూడు రోజుల తర్వాత కోటేశు మొదటిసారి నవ్వాడు. వెంటనే ఆ నవ్వు ఆరిపోయింది. "అక్కా, లైసెన్సు పోతే నేనేం చేయాలి? నాకు వేరే పని రాదు."

హైమ చక్రాల కింద రాళ్లు పెట్టింది. ఇంజను ఆపించి, గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరింది.

అక్కడి వాసన మారలేదు. వేడి ఇనుము, మట్టి, పాత నూనె. చిన్నప్పుడు ఇదే చోట నాన్న పక్కన వెల్లకిలా పడుకుని పైకి చూసేది. అప్పుడు లారీ అడుగుభాగం వాళ్లిద్దరికే తెలిసిన ఊరు. "అదిగో ఆ గొట్టం గుంటూరు, ఈ నట్టు పేట. పేట గేటు తెరిస్తే వరదొస్తది, మొహం పక్కకి పెట్టు," అనేవాడు.

మొహం పక్కకి పెట్టి నట్టు తిప్పింది. చివరి మర వేళ్లతో విప్పి చటుక్కున చెయ్యి లాగేసుకుంది. నల్లటి నూనె ధారగా కింది పళ్లెంలోకి దూకింది. ఎండలో దాని అంచు తేనెరంగులో మెరిసింది.

ఫిల్టరు బిగుసుకుపోయి ఉంది. కోటేశు పాత ఫ్యాను బెల్టు తెచ్చి దాని చుట్టూ మెలేసి లాగాడు. అదీ నాన్న పద్ధతే. ఇంట్లో అన్ని పనిముట్లున్నా ఆయన బెల్టే వాడేవాడు. ఇనుప పట్టీ వేస్తే ఫిల్టరుకి నొప్పెడుతుందనేవాడు. కొత్తది బిగించేముందు దాని రబ్బరు రింగుకి వేలితో నూనె రాసేవాడు, పసిపిల్లకి ఆముదం రాసినట్టు.

"జరుగు, జరుగు," అంటూ నాంచారమ్మ వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుంది. చేతిలో కొలతకి వాడే చిన్న ఇత్తడి గిద్ద. ఆ గిద్దని ధార కింద పెట్టింది.

"మంచం కోళ్లకి రాయడానికా అమ్మా? చీమలెక్కుతున్నాయా? దీన్నేం వాడొద్దు. సీలు వేయాలి," అంది హైమ కింద నుంచే.

"మంచానికి కాదే. తోడుకి."

"దేనికి?"

"తోడుకే. రేపు కొత్త నూనె పోస్తారుగా, దాన్లో వేయడానికి. కొత్తది ఒక్కసారే పోస్తే బండి బెదురుద్ది. పాలు తోడేయకుండా పెరుగవుద్దా?"

 నూనె ధార సన్నబడి, చుక్కలుగా మారింది.

"అమ్మా," అంది మెల్లగా, "ఇది ఎప్పట్నుంచి చేస్తున్నావు?"

"పెళ్లైన కాణ్ణించి. నేను ఎగతాళికన్నా. ఏవండీ, నూనెకి తోడేయరా అని. మీ నాన్న నిజంగానే గిద్దెడు తీసి పక్కన పెట్టాడు. బండి ఆ యేడంతా ఒక్కసారి కూడా మొరాయించలేదంట. ఇంక అదే ఆనవాయితీ. మీరు కింద కుస్తీ పడతంటే పైనుంచి నేనే పోసేదాన్ని. మీకెవరికి పట్టింది?"

"మరి ఈసారి? ఈ బండికి మొన్న కొత్త నూనె పోసినప్పుడు?"

"పోశా. మీ నాన్న పోయాక ఆయన పాత బండి తుక్కుకి అమ్మినప్పుడు దాన్లోంచి గిద్దెడు పట్టి దేవుడి గూట్లో దాచా. ఈ బండి కొన్నాక అదే గదా మొదటిసారి మనింట్లో నూనె మార్చటం. మొత్తం పోసేశా." ఆమె కూతురి మొహం చూసి ఆగింది. "ఏం? ఏమైందే?"

హైమ బండి కింద నుంచి బయటికొచ్చింది.  నాన్న పాత బండిలో చివరి ఏడాది పోసింది ఎరుకే. మొదటి రకం. పరీక్షకి డ్రైవర్లు కావాలంటే తనే నాన్న పేరు రాయించింది. తోడు. గిద్దెడు పెరుగు కుండెడు పాలని తనలా మార్చినట్టు, ఆ గిద్దెడు నూనె మిగతా నూనెకంతటికీ తనకి తెలిసింది నేర్పింది. వారంలో.

ల్యాబులో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. పాత నూనెని దాచి కొత్త నూనెలో కలిపేవాళ్లు ఎక్కడా ఉండరు. ఈ ఇంట్లో తప్ప.

"అమ్మా, చింతలవాగు కల్వర్టు దగ్గర ఏముంది?"

"ఏముంది? ఏం లేదు."

"ఇదివరకు?"

నాంచారమ్మ గిద్దలోకి చూసింది. "పొగాకు గ్రేడింగు షెడ్డుండేది. నేను దాన్లో పనికెళ్లేదాన్ని, పెళ్లైన కొత్తల్లో. నువ్వు చంకలో పిల్లవి. ఎప్పుడో కూలగొట్టారు దాన్ని." కొంచెం ఆగి అంది, "లోడుతో వస్తా కల్వర్టు దాటి ఆపేవాడు. నన్నెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. హారను కొడితే మేస్త్రి తిడతాడని ఇంజనే మూడుసార్లు మెల్లగా..."

"గుర్రుమనిపించేవాడు," అంది హైమ.

తల్లి తలెత్తింది. "నీకెట్టా తెలుసు?"

కోటేశు చేతిలోంచి ఫిల్టరు జారి పళ్లెంలో పడింది. "అక్కా, నాన్న అక్కడ ఆపేవాడు. సెలవుల్లో నేను ఆయనతో వెళ్లినప్పుడు. ఏం నాన్నా అంటే బండి చల్లబడాలిరా అని నీళ్లు తాగేవాడు. ఎండాకాలమైనా, వానాకాలమైనా."

"నువ్వు పుట్టేనాటికే షెడ్డు లేదురా," అంది నాంచారమ్మ.

"తెలుసమ్మా. అక్కడ ఏమీ లేదు. కంపచెట్లే."

హైమ తల్లి పక్కన కూర్చుంది. "నాన్న బండిలో ఎరుక పోసింది చివరి సంవత్సరమేనమ్మా. అది నేర్చుకున్నదంతా ఆ ఒక్క ఏడాదిలో చూసిందే. ఒకటి రెండుసార్లు ఆపితే దానికి గుర్తుండదు. వెళ్లిన ప్రతిసారీ ఆపుంటాడు."

నాంచారమ్మ గిద్దని రెండు చేతులా పట్టుకుంది. వేపచెట్టు మీద కాకి అరిచింది. "పిచ్చి మనిషి. ఇంటో ఉన్నదాన్ని పట్టుకుని అక్కడ పిలవటమేంది," అని కొంగుతో మొహం తుడుచుకుంది. నూనె మరక బుగ్గకంటింది.

హైమకి అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఎలా చెప్పాలో తెలియక నేరుగానే చెప్పేసింది. "అమ్మా, శుక్రవారం దీన్ని చదువుతారు. నాన్న చెయ్యే అని తేలితే కోటేశు బయటపడతాడు. కానీ చదివాక అది చెరిగిపోతుంది. ఆ గిద్ద కూడా వెనక్కి పోసెయ్యాలి. నాన్న జాడ దీన్లో చాలా పలచన. గిద్దెడు తగ్గినా ఎవరి చెయ్యో యంత్రానికి అందదేమో."

"ఇంకెక్కడా లేదా?"

"నువ్వు గూట్లో దాచింది ఇదేగా. ఇంకెక్కడా లేదు."

కోటేశు మొహం తిప్పుకున్నాడు. "వద్దులే అక్కా. లైసెన్సు పోతే పోనీ. పొలం పనికి పోతా. నాన్నని..."

"నోర్ముయ్యరా," అంది తల్లి. "ఆస్పత్రిలో పడున్న ముసలామెకి ఏం చెబుతావు? మా నాన్న మా అమ్మ కోసం ఆపాడు, నీ ఎముకలు విరిగినయ్యి అని చెబుతావా?"

ఆమె గిద్దని పళ్లెం మీద వంచింది. నూనె మెల్లగా, చప్పుడు లేకుండా దిగింది. చివరి చుక్క అంచున వేలాడుతుంటే చూపుడువేలితో తుడిచి దాన్ని కూడా పళ్లెంలోకే రాల్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం. ల్యాబులో యంత్రం చిన్న బీరువా అంత ఉంది. దాని గాజు గదిలో నల్లటి నూనె. బల్లకి ఆ వైపు భుజంగరావు, రవాణా శాఖ అధికారి. ఈ వైపు కోటేశు. అక్క కాబట్టి హైమని యంత్రం దగ్గరికి రానివ్వలేదు. గోడ వారగా కూర్చోబెట్టారు.

నాంచారమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. గిద్ద చూపించింది. తోడు అనే మాటకి అధికారి నవ్వబోయి, భుజంగరావు మొహం చూసి మానుకున్నాడు. భుజంగరావు నవ్వటం లేదు. పెన్ను పక్కన పెట్టి ఆ ఇత్తడి గిద్దనే చూస్తున్నాడు. ఇన్నేళ్లు తను వెతికింది, నూనె నుంచి నూనెకి జ్ఞాపకం ఎలా పాకుతుందన్నది, ఒక వంటింటి గిద్దలో దొరికింది.

"అమ్మా," అన్నాడు చివరికి, "ఇప్పుడు రికార్డు చేస్తాం. మీరు కలిపిన పాత నూనె ఎవరి బండిది? ఆ రోజు కల్వర్టు దగ్గర లారీని ఆపింది ఎవరు? పేరు చెప్పండి. తర్వాత యంత్రం నడుపుతాం."

"మా ఆయన."

"పేరు."

"వీళ్ల నాన్న."

"పేరు కావాలమ్మా," అన్నాడు అధికారి. "అంత మంది దెబ్బలు తిన్నారు. కారకుడెవరో రికార్డులో ఉండాలి."

నాంచారమ్మ అలవాటుగా వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. హైమ నోరు తెరిచింది.

"సాక్షే చెప్పాలి," అన్నాడు అధికారి. "మీరెవరూ అందించకూడదు."

  నాంచారమ్మ లేచి యంత్రం దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపలేదు. గాజు మీద అరచెయ్యి ఆనించింది.

"హైమా, మీట నొక్కితే ఇంక ఉండడు కదూ?"

"ఉండడమ్మా."

"పిలిస్తే వినపడుద్దా దీనికి?"

హైమకి అబద్ధం చెప్పాలనిపించింది. కానీ తల అడ్డంగా ఊపింది.

నాంచారమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. పెదవులు ఒకసారి కదిలాయి. శబ్దం బయటికి రాలేదు.

"కొంచెం గట్టిగా అమ్మా," అన్నాడు భుజంగరావు, చాలా మెత్తగా.

ఆమె గాజు వైపే చూస్తూ, రోడ్డుకి అవతల ఆగిన లారీలో మనిషికి వినపడేలా పిలిచింది.

"పేరయ్యా!" తర్వాత అధికారి వైపు తిరిగింది. "తన్నీరు పేరయ్య. బండి ఆపింది ఆయనే. నా కోసం ఆపాడు."